తెరలోంచి వచ్చిన చెయ్యి

"దొంగ దొరికింది. ఇక ఇక్కడ నీకు పనేముంది?" అన్నాడు ఇనప్పెట్టె.

పోలీసు శాఖలో ఉన్నప్పుడు తోటివాళ్ళు అతనికి పెట్టిన పేరది. బుర్రలోకి ఒక అనుమానం దూరి తలుపు వేసుకుందంటే దాన్ని బయటికి లాగడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడు ఈ ఆస్పత్రికి సెక్యూరిటీ ఆఫీసరు. నడుముకి తాళాలగుత్తి, మొహం మీద గెలుపు. డిటెక్టివ్‌కి పాత సహోద్యోగి, అంతకంటే పాత ప్రత్యర్థి.

"ఒప్పుకుందా?" అని అడిగాడు డిటెక్టివ్.

"ఏడుస్తోంది. ఏడుపంటే సగం ఒప్పుకున్నట్టే."

"మీ అమ్మాయిని హాస్టల్లో దింపి వచ్చిన రోజు నువ్వూ ఏడ్చావు. ఆ రోజు ఏం దొంగిలించావు?"

ఇనప్పెట్టె తాళాలు గలగలలాడాయి. ఇద్దరి మధ్యా నిలబడ్డ పెద్ద డాక్టరమ్మ చెయ్యెత్తింది. "మీ ఇద్దరికీ దణ్ణం పెడతాను. నాలుగింటికి పర్యవేక్షణ కమిటీ వస్తుంది. జరిగిందేమిటో అప్పటిలోగా నేను చెప్పలేకపోతే, ఈ పరిశోధన ఇవాళే మూసేస్తారు. మందంతా ఫ్రీజరులో పెట్టి సీలు వేస్తారు. బయట కూర్చున్నవాళ్ళకి నేనేం చెప్పను?"

బయట హాల్లో కూర్చున్నవాళ్ళలో డిటెక్టివ్ వాళ్ళక్క కూడా ఉంది.

అందుకే డాక్టరమ్మ ఫోను చేసిందో లేదో, చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పోయినేడాది అక్క ఊపిరితిత్తిలో కొంత కోసి తీసేశాక, మిగిలినదాంట్లో మళ్ళీ క్యాన్సరు మచ్చ కనపడింది. నాలుగు మెట్లెక్కితే ఆమెకి ఊపిరి అందేది కాదు. ఊళ్ళో డాక్టర్లందరూ పెదవి విరిచినప్పుడు ఈ డాక్టరమ్మ ఒక్కతే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టి మాట్లాడింది. "ఇది జబ్బు రాకుండా వేసే టీకా కాదయ్యా. వచ్చినవాళ్ళకి వేసేది. నీ భాషలో చెప్పాలంటే, లోపల దాక్కున్న దొంగ ఆనవాళ్ళు ఒంట్లోని కాపలావాళ్ళకి నేర్పుతుంది," అంది. మొన్నటి స్కానులో ఆ మచ్చ సగానికి తగ్గింది. ఆ ఫోటో చూసి డిటెక్టివ్ వరండాలోకి పోయి, గోడ వైపు తిరిగి, కాసేపు ఎవరికీ మొహం చూపించలేదు. ఈ డాక్టరమ్మ ఇప్పుడు బావిలో దూకమన్నా లోతెంతని అడగడు.

"మొదట్నుంచీ చెప్పండి," అన్నాడు.

"పరీక్షలో ఉన్నవాళ్ళు రెండు రకాలు. కొందరికి కొత్త టీకా. కొందరికి పాత సూది. అది కాపలావాళ్ళని తట్టి లేపుతుంది గాని దొంగ మొహం చూపించదు. ఎవరికి ఏది పడుతోందో వాళ్ళకి తెలీదు, సూది వేసే నర్సుకి తెలీదు, నాకూ తెలీదు. తెలిస్తే మన ఆశలు లెక్కల్లోకి దూరిపోతాయి. తెలిసినవాడు ఒక్కడే, వేరే భవనంలో ఉంటాడు. మేం గుట్టాయన అంటాం."

"గుట్టాయన ఏమన్నాడు?"

"ఇద్దరి రక్తపరీక్షలు తారుమారుగా ఉన్నాయన్నాడు. మూడు నెలలుగా ఒకరి సూది ఒకరికి పడుతోంది. ఎవరా ఇద్దరంటే చెప్పడు. చెబితే గుట్టు పోతుంది కదా!"

"ఇందులో ఆలోచించడానికేముంది?" అని ఇనప్పెట్టె అందుకున్నాడు. "మూడు నెలలుగా సూదులు వేసింది ఒకే నర్సు. రోగుల్లో సంగీతం టీచరుంది చూడు, ఆవిడ ఈ నర్సుకి బంధువు. ఆ సంగతి దాచిపెట్టింది. మంచి మందు చుట్టానికి మళ్ళించింది. కేసు ముగిసింది."

డిటెక్టివ్ జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. వస్తూనే హాల్లో అక్క చేతికిచ్చిన ఉంగరం వేళ్ళకి తగిలింది. సూది గదిలోకెళ్ళే ముందు ఉంగరాలూ గొలుసులూ తీసెయ్యాలి. ప్రతిసారీ అది అతని జేబులోకే వస్తుంది. వదులైపోయిందని అక్క దానికి దారం చుట్టుకుంది.

"ముందు ఆ అమ్మాయిని చూస్తాను," అన్నాడు.

*

నర్సుని దుప్పట్లు పెట్టే గదిలో కూర్చోబెట్టారు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. డిటెక్టివ్ ఇంకో స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. పోయిన వానాకాలం అక్కకి వాంతులైన రోజు రాత్రంతా తల పట్టుకుని కూర్చుంది ఈ అమ్మాయే. ఆ మాట చెప్పి మొదలుపెడదామనుకున్నాడు గాని, ఇనప్పెట్టె గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"సంగీతం టీచరు నీకేమవుతుందమ్మా?"

"మా పెద్దనాన్నగారి కోడలండీ. వదిన."

"ఎందుకు దాచావు?"

"చెబితే నన్ను సూది గదిలోంచి తీసేస్తారు సార్. బంధువులుంటే వెయ్యకూడదని రూలు. పెళ్ళై వచ్చిన కొత్తలో మా వదిన నన్ను పక్కలో పడుకోబెట్టుకుని చదివించింది. ఆవిడకి సూది పడేటప్పుడు ఆ గదిలో నేనుండాలనిపించింది. అంతే."

"ఆవిడ చెయ్యి గుర్తుపడతావా?"

నర్సు తల అడ్డంగా ఊపింది. "మధ్యలో తెర ఉంటుందండీ. అందులో చీలిక. పేషెంటు అటువైపు కూర్చుని చెయ్యి ఇటు పెడతారు. మొహం నాకు కనపడకూడదు, సిరంజి వాళ్ళకి కనపడకూడదు. అందరికీ ఒకటే నీలం గౌను. ఏసీ చలికి వేళ్ళు కూడా గౌను చేతుల్లోకి లాక్కుంటారు. భుజం దగ్గర చిన్న కంత, మణికట్టు దగ్గర గౌను మీదే నంబరు బ్యాండు, అంతే నాకు కనపడేది." కళ్ళు తుడుచుకుంది. "ఏది వదిన చెయ్యో తెలీదు సార్. అందుకని ప్రతి చెయ్యీ వదినదే అనుకుని వేశాను."

డిటెక్టివ్ గుమ్మం వైపు చూశాడు. ఇనప్పెట్టె పైకప్పు చూస్తున్నాడు.

"బ్యాండు మీద పేరుంటుందా?"

"నంబరే. ట్రేలో సిరంజికి తెల్ల టేపు చుట్టి ఉంటుంది, పక్కన అదే నంబరు. రెండూ కలిస్తే వేస్తాను. బ్యాండు జారిపోతుంటే పైకి తోస్తాను."

"జారుతుందా?"

"బిగిస్తే చర్మం కమిలిపోతుందని కౌంటర్లో ఆయన అందరికీ వదులుగానే వేస్తాడు. పాపం, జాలికొద్దీ. ఒళ్ళెక్కడుంది సార్ వాళ్ళకి?"

జేబులో దారం చుట్టిన ఉంగరం మళ్ళీ వేళ్ళకి తగిలింది. ఈసారి డిటెక్టివ్ దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

*

"ఇదంతా కట్టుకథ. చెయ్యి చూస్తే మనిషిని పోల్చలేమా?" అన్నాడు ఇనప్పెట్టె సూది గదిలోకి వస్తూ.

"పోలుద్దువుగాని. ఇటు నిలబడు. నువ్వే నర్సువి."

తెర వెనక రెండు కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకరు సూది వేయించుకుంటుంటే తరవాతివాళ్ళు సిద్ధంగా కూర్చోవడానికి రెండోది. డిటెక్టివ్, డాక్టరమ్మ నీలం గౌన్లు తొడుక్కున్నారు. చెరో బ్యాండూ వేసుకున్నారు. ఏ నంబరు ఎవరిదో ఇనప్పెట్టెకి ముందే చూపించారు. తెర పడింది. కాసేపటికి చీలికలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.

ఇనప్పెట్టె బ్యాండు చదివాడు. మొహం వెలిగింది. "నీదే! నీ చెయ్యి చీకట్లో కూడా పోలుస్తాను," అంటూ ఎన్నాళ్ళ కసో తీరేలా భుజం మీద గట్టిగా గిల్లాడు.

"అబ్బా!" అంది పెద్ద డాక్టరమ్మ.

ఇనప్పెట్టె మొహంలో రంగులు మారాయి. "అయ్యయ్యో, క్షమించాలి మేడమ్!"

"నీ గిల్లుడు సాక్ష్యం కింద నమోదు చేసుకుంటున్నాను," అంటూ తెర పక్కకి లాగాడు డిటెక్టివ్. "బ్యాండ్లు తియ్యడానికి మాకు కత్తెర కూడా అక్కర్లేకపోయింది. నర్సు అమాయకురాలు. ఏ సిరంజిలో ఏముందో తెలియని మనిషి దేన్ని మళ్ళిస్తుంది? మార్పు జరిగింది టేపు దగ్గరా కాదు, ట్రే దగ్గరా కాదు. ఈ రెండు కుర్చీల మధ్య."

"అయితే చుట్టరికం ఉన్న టీచరే చేసింది. పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

డిటెక్టివ్ రెండో కుర్చీ వైపు చూశాడు. అతనికి తెలుసు. వరస ఎప్పుడూ మారదు. ప్రతిసారీ అక్కని చెయ్యి పట్టుకుని ఈ గది గుమ్మం దాకా తీసుకొచ్చేది అతనే.

అప్పుడే హాల్లోంచి ఒక రాగం వినపడింది. మాటల్లేవు, ఒకే స్వరం, ఊపిరి ఆపకుండా పొడుగ్గా. అక్కది. ఆపరేషనైన కొత్తలో పక్క మంచం మీది సంగీతం టీచరు నేర్పిన సాధన అది. "అమ్మా, ఊపిరితిత్తి సగమే ఉంటే ఏం? ఉన్న సగాన్నీ పాడిద్దాం," అని రోజూ పట్టుబట్టి పలికించేది. మొదట్లో అక్క స్వరం మూడు లెక్కపెట్టేలోపు తెగిపోయేది. ఇప్పుడు గది దాటి వస్తోంది. ఇన్నాళ్ళూ అది విన్నప్పుడల్లా డిటెక్టివ్ ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టుండేది.

ఆ స్వరం వెనకే ఎవరో దగ్గారు. పొడి దగ్గు, ఆగకుండా. అది టీచరుది.

ఈ రెండూ అతను కొన్ని వారాలుగా వింటున్నాడు. సంతోషంలో రెండోది చెవికెక్కలేదు. ఎంత డిటెక్టివైతే ఏం లాభం!

*

అక్కని డాక్టరమ్మ గదిలోకి పిలిపించాడు. ఆమె నవ్వుతూ వచ్చి కూర్చుంది. "ఏరా చిన్నోడా, ఉంగరం పారేశావా ఏంటి?"

"ఉందిలే. అక్కా, మొదటి రెండు సూదులప్పుడు నీ భుజం బూరెలా వాచింది. నేనే తడిగుడ్డ వేశాను, గుర్తుందా?"

"గుర్తులేకేం? నువ్వేసిన గుడ్డ నీళ్ళకి పరుపంతా తడిసింది."

"మూడోసారి నుంచి వాపు లేదు. ఎందుకని?"

"అలవాటైపోయింది ఒంటికి."

"టీచరుగారి భుజం ఇప్పుడు వాస్తోంది. మొదట్లో వాచేది కాదు. ఎందుకని?"

అక్క గోళ్ళు చూసుకుంది. "అవన్నీ నాకేం తెలుసురా? నా వంతు మందు నాకు పడుతోందిగా. నేను వేయించుకున్నాను."

ఆ మాట విన్నాక డిటెక్టివ్‌కి ఇంకే ఆధారమూ అక్కర్లేకపోయింది. అమ్మ పోయాక వంటింట్లో ఇద్దరే ఉండేవారు. పాలు ఒక గ్లాసుకే సరిపోయేవి. అక్క ఆ గ్లాసు అతని ముందు పెట్టి, తను నీళ్ళ గ్లాసు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "నా వంతు నేను తాగేశాన్రా," అనేది. గోళ్ళు చూసుకుంటూ అనేది. అతనికి పదేళ్ళు వచ్చేదాకా నమ్మాడు. ఆ పాలే అతన్ని ఇంతవాణ్ణి చేశాయి.

"అక్కా," అన్నాడు. "బ్యాండ్లు ఎలా మార్చావు?"

అక్క తల ఎత్తింది. తప్పు చేసినట్టు కాదు, పట్టుబడ్డందుకు చిరాకు పడ్డట్టు చూసింది.

"కౌంటరాయన తికమక పడి నీది నాకు, నాది నీకు వేశాడని టీచరుతో చెప్పేదాన్ని. ఆ పిల్లకి ఏ పాపమూ తెలీదు. నవ్వి చెయ్యి ముందుకు పెట్టేది. ఇందులో నర్సుకి గాని, టీచరుకి గాని సంబంధం లేదు. పట్టుకుంటే నన్ను పట్టుకోండి."

"ఎందుకమ్మా?" అంది డాక్టరమ్మ. కోపం తెచ్చుకోబోయింది గాని కుదరలేదు.

"చేతులు పోల్చుకోవద్దని మీరు చెప్పారు. పక్కపక్కన కూర్చున్నాక పోల్చుకోకుండా ఉంటామా డాక్టరమ్మా? నాకు వాచింది. ఆ పిల్లకి చీమ కుట్టినట్టు కూడా లేదు. అంటే నాకు అసలు మందు, దానికి ఉత్త నీళ్ళు అనుకున్నాను. దానికి బళ్ళోకెళ్ళే కూతురుంది. నేను నాలుగు మాటలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నానంటే ఆ పిల్ల చలవే. రెండు సూదులు నాకు పడ్డాయి, చాలనుకున్నాను. ఇదిగో, పని కూడా చేసింది కదా, మచ్చ తగ్గిందన్నారుగా!"

డాక్టరమ్మ బల్ల మీది ఫోను తీసుకుంది. "నేను మాట్లాడుతున్నాను. ఇద్దరి పేర్లూ తెలిశాయి. ప్రాణాల సంగతి. ఆ ఇద్దరి గుట్టు విప్పండి," అంది. అవతలివైపు చెప్పింది వింటూ కళ్ళు మూసుకుంది. ఫోను చాలా మెల్లగా కింద పెట్టింది.

"టీచరమ్మకి చేరిందా మందు?" అని ఆత్రంగా అడిగింది అక్క.

"అమ్మా, చెయ్యి వాచేది పాత సూదికి. అది చూడ్డానికి పాలలా తెల్లగా ఉంటుంది. కొత్త టీకా మంచినీళ్ళలా ఉంటుంది. వాపు రాదు. టేపు చుట్టేది అందుకే."

అక్కకి అర్థం కాలేదు. డిటెక్టివ్‌కి ముందు అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది.

"మొదట్లో మా అక్కకి పడింది పాతది," అన్నాడు నెమ్మదిగా. "టీచరుగారికి కొత్తది."

"అవును."

"మూడు నెలలుగా?"

డాక్టరమ్మ తల ఊపింది. హాల్లో దగ్గు మొదలైంది. ఈసారి గదిలో అందరూ విన్నారు.

అక్క రెండు చేతులూ ఒళ్ళో పడిపోయాయి. "చిన్నోడా, అంటే ఆ మచ్చ తగ్గింది..."

"ఈసారి నీళ్ళ గ్లాసులోనే పాలున్నాయక్కా," అన్నాడు డిటెక్టివ్. ఆమె పక్కన నేల మీద కూర్చుని పాదాలు పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ డాక్టరమ్మకి, నర్సుకి, కనపడిన ప్రతివాళ్ళకీ మనసులో దణ్ణాలు పెట్టుకున్నాడు. ఎవరి వంతు వల్ల అక్క బతుకుతోందో ఆ మనిషికి మాత్రం, రోజూ ఎదురుపడుతున్నా, నమస్కారం తప్ప ఏమీ పెట్టలేదు.

"ఆలస్యమైపోయిందా?" అంది అక్క.

"అది స్కానే చెప్పాలి. కానీ ఆమె వంతు సూది ఇవాళ ట్రేలో ఉంది. ఆమెది ఆమెకి వెయ్యడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆపమని కమిటీ చెప్పేదాకా."

అదే క్షణంలో ఇనప్పెట్టె భుజం మీది వాకీటాకీ గురగురలాడింది. కమిటీ కారు గేటు దగ్గరికొచ్చిందట, గేటు తియ్యమంటున్నారట.

అందరూ ఇనప్పెట్టె వైపు చూశారు. అతను డిటెక్టివ్‌ని చూశాడు, నేల మీద కూర్చున్న తీరు చూశాడు. తరవాత వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "కొంచెంసేపు ఆగమను. గేటు తాళం ఎక్కడో పడిపోయింది. వెతుకుతున్నాను," అన్నాడు. నడుము దగ్గర గుత్తి గలగలమంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అతని దగ్గర ఒక్క తాళం పోయిన దాఖలా లేదు.

"నేను దుప్పట్ల గది తెరుస్తాను. మీరు కదలండి," అని వెళ్ళిపోయాడు.

*

సూది డాక్టరమ్మే వేస్తానంది. వదిన చెయ్యి పట్టుకోవడం మాత్రం నర్సు పని అంది. నర్సుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తెర వెనక రెండు కుర్చీలు. ఒకదాంట్లో సంగీతం టీచరు, రెండోదాంట్లో అక్క. టీచరు మొహం పీక్కుపోయింది, గొంతు బొంగురుపోయింది. అయినా చేతికున్న బ్యాండు చూపించి నవ్వింది. "ఇవాళ తికమక పడలేదా అమ్మా కౌంటరాయన?"

"ఆయన ఎప్పుడూ పడలేదు తల్లీ. నేనే పడ్డాను." అక్క ఆ బ్యాండుని పైకి తోసి, జారకుండా పట్టుకుంది. జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు. గోళ్ళు చూసుకోలేదు, ఆ పిల్ల కళ్ళల్లోకే చూసింది. "నీ వంతు నేను తాగేశానమ్మా," అంది చివరికి.

గుమ్మం దగ్గర నిలబడ్డ డిటెక్టివ్ ఆ మాట విన్నాడు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. అక్క నోట అది నిజమవడం ఇదే మొదటిసారి.

టీచరు కళ్ళల్లో నీళ్ళు నిండాయి, కోపమో భయమో ఒక్కసారి మెరిసిపోయింది. తరవాత దగ్గు ఆపుకుని, గుసగుసగా అంది. "రోజూ మీ గొంతు వింటూ అనుకునేదాన్ని, మందు బాగా పనిచేస్తోంది అని. పనిచేసే మందేగా ఇది? నాకూ పనిచేస్తుంది. భయమేస్తోందమ్మా. సూది దిగేదాకా ఆ స్వరం పట్టుకోండి."

నీలం గౌను చెయ్యి తెర చీలికలోంచి ఇవతలికొచ్చింది. నర్సు రెండు చేతులతో పట్టుకుంది. బయట ఎవరో గేటుని గట్టిగా బాదుతున్నారు. లోపల అక్క ఊపిరి నిండా పీల్చుకుని స్వరం అందుకుంది. అది మధ్యలో వణికింది గాని తెగలేదు.